తొమ్మిది ముందుమాటల ద్రాక్ష పుస్తకం

పెన్షన్ కాగితాల పని మీద ఆఫీసుకు వెళ్లినప్పుడల్లా కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు నా చుట్టూ చేరతారు. వాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "సార్, మీరు ద్రాక్ష మీద పుస్తకం రాశారటగా?" అని. రాశాను. సగం రాశాను. మిగతా సగం మా మామగారు రాశారు. ఏ సగం ఎవరిదన్న దాని మీద మా ఇంట్లో ఈనాటికీ రాజీ కుదరలేదు. మామగారు పోయి చాలా ఏళ్లయింది గానీ, ఆయన తరఫున వాదించడానికి మా ఆవిడ ఉంది. మీరు కూడా ఏదో ఒకరోజు పుస్తకం రాయకమానరు. ఇరవయ్యేళ్ల సర్వీసు దాటిన ప్రతివాడికీ ఆ జబ్బు పట్టుకుంటుంది. పట్టుకునే ముందు మాకేమయిందో ఒకసారి వినండి.

నేను మేడ్చల్ మండలంలో వ్యవసాయ విస్తరణాధికారిగా చేశాను. పేరు చివర అధికారి అని ఉందని మా మామగారు పిల్లనిచ్చారు. అధికారం ఏమీ లేదని, ఉన్నదల్లా ఒక పాత లూనా బండి, ఒక చేతిసంచి అని పెళ్లయ్యాక తెలుసుకున్నారు. మాది కోస్తా. ఉద్యోగం ఇక్కడ స్థిరపడ్డాక మేడ్చల్లో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. తొంభైల మాట ఇది. ఇప్పుడు కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సులు బారులు తీరి నిలబడుతున్నాయే, అప్పుడు అటు అత్వెల్లి దాకా, ఇటు శామీర్‌పేట వైపూ ఎక్కడ చూసినా ద్రాక్ష పందిళ్లే. నా సర్వీసులో సగం ఆ పందిళ్ల కింద నడుం వంచుకుని తిరగడంలోనే గడిచిపోయింది. నా నడుం నొప్పికి ఏ డాక్టరూ కారణం చెప్పలేకపోయాడు గానీ కారణం నాకు తెలుసు.

రైతులు అడిగే ప్రశ్నలు ఏడాదికేడాది అవే. కత్తిరింపు ఎప్పుడు, బూజు తెగులుకు ఏం కొట్టాలి, గుత్తులు ఎందుకు రాలుతున్నాయి. ఆఫీసు ఫారాల వెనక రాసిచ్చేవాణ్ణి. మర్నాడు అదే రైతు వచ్చి, "సార్, నిన్న రాసిచ్చిన చిట్టి లాగు జేబులనే ఉతికిండ్రు, ఇంకోటి రాయుండ్రి" అనేవాడు. అది చూసి చూసి విసిగిన మా మండల వ్యవసాయాధికారి ఒకరోజు, "ఎందుకయ్యా ఈ చిట్టీలు? అన్నీ కలిపి చిన్న పుస్తకం వేయించు, జిల్లా ఆఫీసుతో నేను మాట్లాడతాను" అన్నారు. చొక్కా జేబులో పట్టే పుస్తకం అనుకున్నాను. అంతవరకూ నాకు ఏ దురాశా లేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ ఆ ముక్క చెప్పడమే నేను చేసిన మొదటి పొరపాటు.

మా మామగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఒక్కగానొక్క కూతురు కాబట్టి మా ఇంట్లోనే ఉండేవారు. కాలనీలో ఎవరింట పెళ్లయినా శుభలేఖ ముందు ఆయన దగ్గరికి వచ్చేది, ఎర్ర సిరా గుర్తులతో తిరిగి వెళ్లేది. పుస్తకం అన్న మాట వినగానే ఆయన కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నారు. అది అపాయ సూచన అని మా ఆవిడకు చిన్నప్పటినుంచీ తెలుసట. నాకు చెప్పలేదు.

"అల్లుడుగారూ, మీరు విషయం చెప్పండి చాలు. రచన సంగతి నాకు వదిలేయండి."

"ఎందుకండీ మామయ్యగారూ, మీకు శ్రమ."

"శ్రమేముందండీ, మీకు రాయడం రాదు కదా."

మేమిద్దరం ఒకరినొకరు ఎంత మర్యాదగా పిలుచుకునేవాళ్లమో, అంత గట్టిగా పళ్లు నూరుకునేవాళ్లం. ఆదివారం పొద్దున్నే వరండాలో రెండు కుర్చీలు పడేవి. నేను చెప్పేవాణ్ణి, ఆయన రాసేవారు. నేను "పందిరి" అంటే ఆయన "లతామండపం" అని రాసేవారు. నేను "నీళ్లు పెట్టాలి" అంటే ఆయన కలం "జలసేచనమొనర్పవలెను" అని పరిగెత్తేది. మా ఆవిడ టీ గ్లాసులు పెడుతూ కాగితంలోకి తొంగిచూసి, "నాన్నా, ఇది చదివేవాడు రైతా, రాయలవారి కొలువులో కవా?" అనేది. ఆయన చిన్నబుచ్చుకుని కొట్టేసి మళ్లీ రాసేవారు. న్యాయంగా చెప్పాలంటే, అలా కొట్టేసి కొట్టేసి ఆయన రాసిన తెలుగు చివరికి నా తెలుగు కన్నా బాగుంది. ఆ మాట ఆయన బతికుండగా నేను ఆయనతో అనలేదు.

అట్ట మీద ఎవరి పేరు ముందుండాలన్న దానికి మూడు ఆదివారాలు పట్టింది. వయసు ప్రకారం అన్నారాయన. విషయం నాది అన్నాను నేను. "ఇన్ని టీలు కాచినదాని పేరు ఎక్కడ వేస్తారు?" అంది మా ఆవిడ. ఆ ప్రశ్నకు ఇద్దరం కలిసి మౌనం వహించాం. మొత్తం రచనలో మాకు పూర్తిగా ఏకాభిప్రాయం కుదిరిన ఘట్టం అదొక్కటే. చివరికి ఆయన పేరు పైన, నా పేరు కింద అనుకున్నాం. అక్షరాల సైజు మాత్రం ఒకటే ఉండేట్టు నేను ప్రెస్సుకు వెళ్లి స్కేలు పెట్టి కొలిచి వచ్చాను.

ఇక ముందుమాటలు. ముందుమాట లేని పుస్తకం చొక్కా లేకుండా పెళ్లికి వెళ్లినట్టు ఉంటుందని మామగారి అభిప్రాయం. తన చిన్ననాటి స్నేహితుడైన రిటైర్డు హెడ్మాస్టరు చేత ఒకటి రాయించారు. ఆ పెద్దమనిషికి ద్రాక్ష గురించి తెలిసిందల్లా అది పుల్లగా ఉంటుందని. మొదటి పేజీలోనే ఆయన ముందుమాట ఉంటే మా మండల అధికారి ఏమనుకుంటారు? ఆయన చేతా ఒకటి. మండల అధికారి రాశాక జిల్లా అధికారి రాయకపోతే అగౌరవం. జిల్లా అధికారి ఉన్నాక ప్రజాప్రతినిధి లేకపోతే ఇంకా అగౌరవం. మార్కెట్ కమిటీ పెద్ద, ద్రాక్ష రైతుల సంఘం పెద్ద, ఒక ఎరువుల కొట్టు యజమాని, గండిమైసమ్మ దగ్గర నర్సరీ నడిపే ఒకాయన... ఇలా తొమ్మిది పోగయ్యాయి. అన్నిట్లోనూ ఒకే వాక్యం: "ఈ పుస్తకం రైతుల పాలిట వరం." తొమ్మిదిమందిలో ఒక్కరూ రాతప్రతి అడగలేదు. ఎరువుల కొట్టాయన మాత్రం మా పుస్తకం మామిడి మీద అనుకుని రాశాడు. ఒక్క పదం మార్చి వేసేశాం, ఏ తేడా రాలేదు.

ఇదంతా మామగారి పిచ్చి అని నవ్వుకుంటారేమో. జిల్లా అధికారి చేతి సందేశం కోసం మూడుసార్లు బస్సెక్కింది నేను. ఆ ఏడాది పదోన్నతుల జాబితా తయారవుతోంది. ఆయన సంతకం నా పుస్తకంలో ఉంటే నా పేరు ఆయన కళ్లలో ఉంటుందని నా లెక్క. మామగారికి కీర్తి కావాలి, నాకు ప్రమోషన్ కావాలి. ద్రాక్ష ఎవరిక్కావాలి?

ప్రెస్సులో అసలు సంగతి బయటపడింది. జిల్లా ఆఫీసు నాలుగు ఫారాలకు మాత్రమే అనుమతి ఇచ్చింది. ఫారమంటే పదహారు పేజీలు, అంటే మొత్తం అరవై నాలుగు. మాది డెబ్బై ఒకటి వచ్చింది. అందులో పదకొండు పేజీలు ముందుమాటలే. ఏడు పేజీలు తగ్గించి తెమ్మన్నాడు ప్రెస్సాయన.

ఆ ఆదివారం వరండాలో రాతప్రతి ముందేసుకుని కూర్చున్నాం. ముందుమాటలు కుదిద్దామా అన్నాను. మామగారు అదిరిపడ్డారు.

"వాళ్ల రాతలో ఒక్క వాక్యం తీసినా ఊరుకుంటారాండీ? ద్రాక్షతీగను తీసేస్తే అది ఏమీ అనుకోదు."

ఆరు పేజీలు తేలిగ్గానే పోయాయి. ఎండు ద్రాక్ష తయారీ రెండు పేజీలు నావి తీసేశాను. కావ్యాల్లో ద్రాక్ష ప్రశస్తి అని ఆయన ఎంతో ముచ్చటపడి రాసుకున్న నాలుగు పేజీలు, పాపం, ఆయనే తన చేత్తో తీసి పక్కన పెట్టారు. ఇంకొక్క పేజీ పోవాలి. మిగిలిన వాటిలో పోగలిగినవి రెండే కనిపించాయి. ఒకటి, చివర్లో "రచయితల పరిచయం" అని మా ఇద్దరి ఫోటోలున్న పేజీ. రెండోది, బోర్డో మిశ్రమం కలిపాక చేయాల్సిన పరీక్ష ఉన్న పేజీ.

ఈ పరీక్ష ఏమిటో మీకు తెలుసు, అయినా చెప్పాలి. బూజు తెగులుకు మైలుతుత్తం, సున్నం సమానంగా నీళ్లలో కలిపి కొడతాం. సున్నం తాజాదైతే బాధ లేదు. కొట్లో నెలల తరబడి మూలుగుతూ పిండైపోయిన సున్నమైతే దాని బలం చచ్చిపోయి ఉంటుంది. అప్పుడు కొలత సరిపోయినా మందు మాత్రం ఆకును మాడ్చేస్తుంది. అందుకని కలిపాక, తోమి మెరిపించిన ఇనుప కత్తిని అందులో నిమిషంపాటు ముంచి తీయాలి. కత్తి మీద ఎర్రటి పూత కనబడితే ఇంకొంచెం సున్నం కలపాలి. కనబడనంత వరకూ కలుపుతూ పోవాలి. అంతే. పేజీలో రాసిందీ ఇంతే, ఒక బొమ్మతో సహా.

"కొలతలు వెనక పేజీలో ఉండనే ఉన్నాయి కదండీ" అన్నారు మామగారు. "సమానంగా కలపమన్నాక మళ్లీ కత్తులు ముంచడం ఎందుకు? చెప్పిందే చెప్పినట్టుంది."

ఆయనకు తెలియదు. ఆయన జన్మలో మందు కలపలేదు. నాకు తెలుసు. మేడ్చల్ కొట్లలో సున్నం ఎలా ఉంటుందో నా అంత బాగా తెలిసినవాడు మండలంలో ఇంకొకడు లేడు. "అది కాదండీ మామయ్యగారూ" అని మొదలుపెట్టాను కూడా. అంతలో ఫోటోలున్న కాగితం వైపు చూశాను. ఆ ఫోటో కోసం సికింద్రాబాదు స్టూడియోకి వెళ్లి, అక్కడి కోటు తొడుక్కుని దిగాను. కోటులో నన్ను నేనే గుర్తుపట్టలేనంత బాగున్నాను. జిల్లా అధికారి పుస్తకం తిరగేస్తే ముందు తన సందేశం చూసుకుంటాడు, తర్వాత ఈ ఫోటోయే చూస్తాడు.

"సరేలెండి. కత్తి సంగతి రైతులకు నేను నోటితో చెబుతాను" అన్నాను.

రెండు ఊళ్లలో చెప్పాను. ఆ తర్వాత మర్చిపోయాను.

ఆవిష్కరణ సభ శామీర్‌పేటలో ఒక స్కూలు హాల్లో జరిగింది. వేదిక మీద పద్నాలుగు కుర్చీలు, కింద అంతకు కొంచెం ఎక్కువమంది రైతులు. తొమ్మిదిమందీ తమ తమ ముందుమాటలను మైకులో మళ్లీ చెప్పారు. శాలువాలు కప్పారు. ప్రజాప్రతినిధి శాలువా నాకూ, నా శాలువా ఎరువుల కొట్టాయనకూ పడింది. రైతులు ప్రేమగా తెచ్చిన ద్రాక్ష బుట్టలు వేదిక మీదే ఖాళీ అయ్యాయి. పుస్తకం విప్పి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెతికాను. చివరి వరసలో ఒకడు కనిపించాడు.

అతనిది అత్వెల్లి. కూరగాయలు మానేసి రెండెకరాల్లో ద్రాక్ష వేసి మూడో ఏడు. అదే మొదటి మంచి కాపు కావాల్సిన ఏడు. సభ అయ్యాక నా దగ్గరికొచ్చి రెండు పుస్తకాలు అడిగాడు.

"రెండెందుకయ్యా?"

"ఒకటి తోటల, ఒకటి ఇంట్ల సార్. ఊళ్లె ఒకడొకటి జెప్తడు, ఇంకొకడొకటి జెప్తడు, నేను పరేషాన్ అయితున్న. బుక్కుల పడ్డదంటే ఇగ పక్కా గద."

ఆ మాటకు నాకెంత సంతోషం వేసిందంటే, ఇంటికొచ్చి మామగారికి రెండుసార్లు చెప్పాను. ఆయన మూడోసారి చెప్పించుకున్నారు.

అక్టోబరు కత్తిరింపు అయింది. చిగుళ్లు వచ్చాయి. వానలు పడి పక్క ఊళ్లో బూజు తెగులు మొదలైంది. ఒక సోమవారం పొద్దున మా ఆఫీసులో రైతుల మీటింగు. ఇరవైమంది దాకా ఉన్నారు, మండల అధికారి కుర్చీలో ఉన్నారు. అత్వెల్లి రైతు లోపలికొచ్చాడు. ఒక చేతిలో పాలిథిన్ కవరు తొడిగిన మా పుస్తకం, ఇంకో చేతిలో మాడిపోయిన చిగుళ్ల మండ. ఆ మండను నా బల్ల మీద పెట్టాడు. అది చూడగానే జరిగిందేమిటో నాకు అర్థమైపోయింది. అర్థం కాలేదని నేను ఏనాడూ చెప్పుకోను.

"సార్, బుక్కుల ఉన్నట్టే జేసిన. మైలుతుత్తం కిల, సున్నం కిల, వంద లీటర్ల నీళ్లు. పిసరంత ఇటు అటు గాలే. రెండెకరాలు గిట్లనే మాడింది. పూత మొత్తం పాయె. గిదేంది సార్?"

మండల అధికారి నా వైపు చూశారు. ఆ పుస్తకంలో నాలుగో పేజీ ఆయనదే. ఇరవైమంది నా వైపు చూశారు. అప్పుడు నేను ఏమన్నానో మాట మాట గుర్తుంది.

"సున్నం పాతదై ఉంటుంది. కత్తి పెట్టి చూశావా?"

"కత్తేంది సార్?" గబగబా పుస్తకం పేజీలు తిప్పాడు. "ఏ పేజీల ఉన్నది?"

"పుస్తకంలో ఎందుకయ్యా? అది మామూలుగా అందరికీ తెలిసిన విషయమే కదా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకరు నవ్వితే ఇంకొకరు. "బుక్కు జూసి యవసాయం జేస్తె గిట్లనే ఉంటది" అన్నాడు వెనకనుంచి ఒకడు. మండల అధికారి కూడా చిరునవ్వు నవ్వి, "కాస్త తెలివి వాడాలి నాయనా" అన్నారు. అతను పుస్తకం మూసి కవర్లో పెట్టుకున్నాడు. "అందరికి ఎర్కనేనట. నాకే ఎర్కలే" అన్నాడు, ఎవరితోనూ కాదు. మండ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

రెండెకరాల కాపు ఒక ఎత్తు. ఆ ఊళ్లో నలుగురిలో అతని పరువు ఒక ఎత్తు. రెండోదాన్ని తీసింది మైలుతుత్తం కాదు, నేను. ఈ మాట ఇప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను గానీ, ఆ రోజు ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేటప్పుడు నా మనసులో ఉన్నదల్లా, గండం గడిచింది కదా అన్నదే.

ఇంట్లో అన్నం దగ్గర కూర్చుని ఆ సంగతి ఒక తమాషాగా చెప్పాను. పుస్తకం పట్టుకుని వ్యవసాయం చేసే అమాయకుడి కథలాగా. మామగారు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు.

"ఆ పేజీ తీసేశాం కదండీ మనం?"

"తీసేయమన్నది మీరు మామయ్యగారూ."

"సరే అన్నది మీరు. నాకు తెలియక అన్నాను. మీకు తెలుసా?"

నేను మజ్జిగ పోసుకున్నాను.

"తెలుసా అండీ?" అని ఆయన మళ్లీ అడిగారు.

మా ఆవిడ గరిటె గిన్నెలో పడేసి, "అట్ట మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజులో వేయించారుగా, తప్పు కూడా అదే సైజులో పంచుకోండి" అంది. ఆ మాట నాకు తగిలినంత గట్టిగా ఆ రోజు ఇంకేదీ తగల్లేదు.

మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మామగారు లేరు. గొడుగూ లేదు. బీరువాలో దాచుకున్న రాతప్రతి కట్ట విప్పి ఉంది. ఆయనకు మేడ్చల్ బస్టాండు దాటి ఒంటరిగా వెళ్లే అలవాటు లేదు. లూనా వేసుకుని అత్వెల్లి పోయాను. అడుగుతూ అడుగుతూ తోట చేరాను. ఆయన పందిరి కింద నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. తలపైన మాడిన ఆకులు. ఎదురుగా అతను కింద గొంతుక్కూర్చున్నాడు. అతని భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. మామగారు తన గుండ్రటి చేతిరాతలో ఉన్న ఆ పేజీని క్లాసులో పాఠం చెప్పినట్టు పైకి చదువుతున్నారు. చదవడం అయ్యాక కాగితం మడిచి, "ఇది పుస్తకంలో ఉండవలసిన పేజీ బాబూ. నా బొమ్మ వేయించుకోవడం కోసం నేనే తీయించాను. తప్పు నీది కాదు" అన్నారు.

నా బొమ్మ అన్నారు. మా బొమ్మలు అనలేదు. నేను గట్టు మీద నిలబడిపోయాను.

"పెద్దసారూ, మీరు గింత దూరం అచ్చి జెప్పిండ్రు, సంతోషం" అన్నాడతను. "గని గీ ముచ్చట నాకు జెప్తె ఏం ఫాయిదా? నిన్న ఆఫీసుల అందరు నవ్విండ్రు. ఊళ్లెకు నా కన్న ముందల గా నవ్వే అచ్చింది. పంట పాయె, పోనియ్యిండ్రి, వచ్చే ఏడు జూసుకుంట. నలుగురిల నన్ను తెల్వనోణ్ణి జేసింది చిన్నసారు. గా నలుగురికి చిన్నసారే జెప్పాలె." అప్పుడు తలెత్తి గట్టు వైపు చూశాడు. నేను వచ్చిన సంగతి అతనికి ముందే తెలుసు.

"మా ఆయన రోజు అన్నం తినంగ గా బుక్కు ముందలేస్కుంటుండె" అంది అతని భార్య నాతో. తిట్టినా బాగుండేది.

దిగివచ్చి నేను ఏదో గొణిగాను. పై ఆదివారం వస్తానన్నాను. ఆ వారమంతా ఏ కారణం చెప్పి తప్పించుకోవాలా అని ఆలోచించాను. క్యాంపు వేయించుకుందామా, జ్వరం తెచ్చుకుందామా అని. మామగారు మాత్రం ప్రెస్సుకు వెళ్లి ఆ పేజీ విడిగా అచ్చు వేయించి తెచ్చారు. మిగిలిన పుస్తకాలన్నీ వరండాలో పరిచి మైదా జిగురు ఉడకబెట్టించారు. ఆ కాగితం ఎక్కడ అతికించాలో కూడా ఆయనే తేల్చారు. రచయితల పరిచయం మీద. మా ఆవిడ జిగురు రాస్తుంటే ఆయన ఒక్కొక్క పుస్తకంలో తన మొహం మీదా, కోటులో ఉన్న నా మొహం మీదా కత్తి బొమ్మ అతికించి అరచేత్తో అదిమారు. కొంచెం ఎక్కువ గట్టిగానే అదిమారనిపించింది. పంచేసిన పుస్తకాలున్న ఇళ్లకు కూడా వెళ్లి అతికించి రావాలన్నారు.

"ముందు అత్వెల్లి" అన్నారు.

ఆ ఆదివారం నా ఒక చేతిలో జిగురు డబ్బా, ఇంకో చేతిలో కాగితాల కట్ట. మామగారు ముందు, నేను వెనక. అతని ఇంటి ముందు ఎనిమిది పదిమంది ఉన్నారు. వాళ్లలో సోమవారం నవ్వినవాళ్లను నేను గుర్తుపట్టాను. అతనే పిలిపించాడు. మామగారు గొంతు సవరించుకున్నారు. అతను చేత్తో ఆపాడు.

"పెద్దసారూ, మీరు జెప్పిండ్రు గద. చిన్నసారు జెప్పాలె."

"ఆ కత్తి సంగతి పుస్తకంలో లేదు" అన్నాను. "ఆయన పుస్తకంలో ఉన్నట్టే చేశారు. ఆయన తప్పేం లేదు."

"ఎందుకు లేదు?" అన్నాడు, సోమవారం నవ్వినవాళ్లలో ఒక ముసలాయన.

"ఉండేది. తీసేశాం."

"ఎందుకు తీసిండ్రు?"

ఆ ప్రశ్నకు మర్యాదైన జవాబులు నా దగ్గర నాలుగైదు ఉన్నాయి. ఫారాలు, అనుమతులు, పేజీల లెక్క. అన్నీ నిజాలే. అతని భార్య తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. "మా ఫోటోలకు జాగా కావాల్సి వచ్చింది" అన్నాను. "ఆ పేజీ ఎంత అవసరమో మామయ్యగారికి తెలియదు. నాకు తెలుసు. సోమవారం ఆఫీసులో కూడా నాకు తెలుసు."

ఎవరైనా నవ్వుతారేమో అని ఎదురుచూశాను. నవ్వితే తేలికైపోయేది. ఒక్కరూ నవ్వలేదు. ముసలాయన తలపాగా సర్దుకుని, అత్వెల్లి రైతు భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిచాడు. అది చాలు అతనికి. నాకు తెలిసి, ఆ రోజు తర్వాత ఊళ్లో అతన్ని ఎవరూ తెల్వనోడు అనలేదు. మండల అధికారికి ఆ కబురు వారంలోపే చేరింది. ఆ ఏడాది పదోన్నతుల జాబితాలో నా పేరు లేదు. ఆ తర్వాత ఏడాదీ లేదు. నాకు బాధ వేయలేదని చెబితే అబద్ధం. చాలా బాధ వేసింది.

మామగారు నా చేతిలో కట్టలోంచి అచ్చు కాగితం తీశారు. అతను తన రెండు పుస్తకాలూ తెచ్చాడు. తోటలో ఉండేదానికి అతికించనిచ్చాడు. రెండోది, ఇంట్లోది, నా చేతికి ఇవ్వలేదు.

"కాయిదం ఇయ్యిండ్రి, విడిగ పెట్టుకుంట" అన్నాడు. "గీ బుక్కుల మాత్రం మీ మొకాలు గట్లనే ఉండనియ్యిండ్రి."

ఎందుకని అడగలేదు నేను. జిగురు డబ్బా మూత పెట్టుకుని వచ్చేశాం. ఇంటి గేటు దగ్గర మామగారు, "ముందు మీరు వెళ్లండి అల్లుడుగారూ" అన్నారు. ఆయన నన్ను ముందు వెళ్లమనడం అదే మొదటిసారి.

ఆ పుస్తకంలో మా మొహాలు ఎందుకు ఉండనిచ్చాడో నాకు రిటైరయ్యే ముందు తెలిసింది. రెండువేల సంవత్సరం దాటాక, నా స్థానంలోకి రాబోతున్న కొత్త అధికారి మొదటిసారి అత్వెల్లి తిరిగి వచ్చి, మొహం అదోలా పెట్టుకుని నా బల్ల దగ్గర నిలబడ్డాడు. అక్కడొక రైతు తనను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పాత పుస్తకం ఒకటి తెచ్చి అందులో నా కోటు ఫోటో చూపించాడట.

"ఏమన్నాడు?" అన్నాను.

చెప్పడానికి ఆ అబ్బాయి కాస్త ఇబ్బందిపడ్డాడు. తర్వాత ఆ రైతు అన్నది అన్నట్టే చెప్పాడు.

"గీ సారు జెప్పింది మొత్తం నిజమే ఉంటది. జెప్పనిదేందో అడుగు."